లోహంలో ఏ మూలకం ఎక్కడ చేరింది? ఆటోరేడియోగ్రఫీతో చూసే పద్ధతి

మెరుగుపెట్టి ఎచింగ్ చేసిన (ఆమ్లంలాంటి ద్రావణంతో పైపైన కొరికించిన) లోహాన్ని మైక్రోస్కోపు కింద పెడితే రేణువులు, వాటి సరిహద్దులు, డెండ్రైట్ల (చెట్టులా పెరిగిన స్ఫటికాల) కొమ్మలు కనబడతాయి. ఆ సరిహద్దులో పోగైంది కార్బనా, బోరానా అన్నది మాత్రం కనబడదు. ఎలక్ట్రాన్ ప్రోబ్ (ఎలక్ట్రాన్ పుంజంతో మూలకాల్ని గుర్తించే పరికరం) కొంతవరకు చెబుతుంది గానీ హైడ్రోజన్‌ను అది చూడలేదు. పది లక్షల్లో పది, ఇరవై భాగాలు మాత్రమే ఉండే బోరాన్ దగ్గర చేతులెత్తేస్తుంది. ఆటోరేడియోగ్రఫీ పనికొచ్చేది ఇలాంటి చోటే. వెతుకుతున్న మూలకంలో కొంత భాగం రేడియోధార్మిక ఐసోటోపుగా ఉండేలా లోహాన్ని తయారుచేసి, దాని ముఖానికి ఫొటో ఎమల్షన్ (జెలటిన్‌లో సిల్వర్ బ్రోమైడ్ స్ఫటికాలున్న పూత) ఆనించి చీకట్లో ఉంచుతాం. వెలువడిన బీటా కణం సిల్వర్ బ్రోమైడ్ స్ఫటికాన్ని తాకిన చోట, డెవలప్ చేశాక నల్లచుక్క తేలుతుంది. 1896లో యురేనియం లవణం కింద పెట్టిన ఫొటో ప్లేటు నల్లబడిందని బెకెరల్ గమనించడం వెనక ఉన్న సూత్రమూ ఇదే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు శ్రద్ధంతా చీకటి గది మీద పెడతారు. బొమ్మ ఎంత స్పష్టంగా వస్తుందన్నది అంతకు చాలా ముందే, ఐసోటోపును ఎంచుకున్న రోజే, సగానికి పైగా తేలిపోతుంది. మిగతా సగాన్ని నమూనాకూ ఎమల్షన్‌కూ మధ్య మిగిలిన సందు తేలుస్తుంది. డెవలపర్ ఎంత మంచిదైనా ఈ రెండు తప్పుల్ని సరిదిద్దలేదు.

ఐసోటోపు ఎంపిక

బీటా కణానికి శక్తి ఎక్కువైతే అది లోహంలో ఎక్కువ దూరం వెళ్తుంది. అంటే ఉపరితలం కింద లోతుగా ఉన్న పరమాణువుల కణాలు కూడా వాలుగా బయటికొచ్చి, తమ అసలు చోటుకు దూరంగా మచ్చ వేస్తాయి. అందుకే శక్తి తక్కువున్న ఐసోటోపు దొరికితే అదే మేలు.

కార్బన్-14: గరిష్ఠ శక్తి 156 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, అర్ధాయువు సుమారు 5,700 ఏళ్లు. ఉక్కులో దీని బీటా ఎంత దూరం వెళ్లినా 35 మైక్రాన్ల దగ్గర ఆగిపోతుంది. బయటికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం పైనున్న నాలుగైదు మైక్రాన్ల నుంచే వస్తాయి. ఉక్కు మీద పని నేర్చుకోవడానికి ఇంతకంటే అనువైనది లేదు.

సల్ఫర్-35: 167 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, 87 రోజులు. ప్రవర్తన కార్బన్-14 లాగే ఉంటుంది. అయితే పెద్ద ఉక్కు దిమ్మెలో గంధకం ఎక్కడ పోగైందో స్థూలంగా చూడటమే పనైతే రేడియోధార్మికత జోలికే వెళ్లొద్దు. పలుచటి సల్ఫ్యూరిక్ ఆమ్లంలో తడిపిన బ్రోమైడ్ కాగితాన్ని ఉక్కు ముఖానికి అద్దే సల్ఫర్ ప్రింటు చాలు.

ఫాస్ఫరస్-32: 1,710 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, 14.3 రోజులు. ఉక్కులో దాదాపు మిల్లీమీటరు దూరం వెళ్తుంది. మందపాటి నమూనా మీద రేణు సరిహద్దులు చూద్దామని దీన్ని వాడితే మసక మచ్చ తప్ప ఏమీ మిగలదు. ఫాస్ఫరస్-33 (249 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, 25 రోజులు) దొరికితే అదే తీసుకోండి. దొరక్కపోతే నమూనాను 20, 30 మైక్రాన్ల రేకుగా పలుచన చేయడం ఒక్కటే దారి.

నికెల్-63: 67 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, సుమారు 100 ఏళ్లు. లోహంలో 10 మైక్రాన్ల లోపే ఆగుతుంది. విసరణ (పరమాణువులు లోహంలో మెల్లగా పాకడం) పనులకు చాలా బాగుంటుంది.

ట్రిటియం: 18.6 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, 12.3 ఏళ్లు. ఇనుములో మైక్రాను కూడా దాటదు. స్పష్టతలో దీన్ని మించింది లేదు, ఇబ్బందుల్లోనూ లేదు. దాని సంగతి చివర్లో.

ఐరన్-59, కోబాల్ట్-60 లాంటివి బీటాతో పాటు గట్టి గామా కిరణాలు కూడా ఇస్తాయి. గామా ఎమల్షన్ మొత్తాన్నీ సన్నగా పొగబారుస్తుంది. వేరే గతి లేనప్పుడే వాటిని వాడాలి.

ట్రేసర్‌ను లోహంలోకి ఎక్కించడం

ట్రేసర్ (జాడ తెలిసేలా కలిపే ఆ రేడియోధార్మిక ఐసోటోపు) ఎలా చేరిందన్నది మీ ప్రశ్నను బట్టి ఉండాలి. పోత గడ్డకట్టేటప్పుడు మూలకం ఎటు నెట్టబడిందో చూడాలంటే, ట్రేసర్‌ను కరిగిన లోహంలోనే కలపాలి. అదే మూలకపు మామూలు మిశ్రమంతో కలిపి చిన్న మాస్టర్ మిశ్రమంగా చేసి, పోతకు కొద్దిగా ముందు వేసి బాగా కలియబెట్టండి. మరీ ముందుగా వేస్తే కార్బన్, గంధకం వాయువులై కొంత ఎగిరిపోతాయి. నష్టం పరిమాణంలోనే ఆగదు, రేడియోధార్మిక పొగ కొలిమి గదిలోకి వస్తుంది. వాయువును పట్టుకునే ఏర్పాటు లేని కొలిమిలో కార్బన్-14, సల్ఫర్-35 కరిగించకూడదు.

విసరణ చూడాలంటే ట్రేసర్‌ను ముఖం మీద మైక్రాను కంటే పలుచటి పొరగా విద్యుత్ పూత వేసి, వాక్యూమ్‌లో గానీ ఆర్గాన్‌లో గానీ వేడిచేసి, తర్వాత ఆ ముఖానికి లంబంగా కోయాలి. లోతు మరీ తక్కువైతే వాలుగా కోయండి. 5 డిగ్రీల వాలులో కోస్తే లోతు పదకొండు రెట్లకు పైగా సాగి కనిపిస్తుంది. కోసేటప్పుడు రంపం పూతపొర నుంచి చురుకైన (రేడియోధార్మిక) లోహాన్ని లోపలి ముఖం మీదికి ఈడ్చుకొస్తుంది కాబట్టి, వేడిచేశాక మిగిలిన పూతను గీకేసి, ట్రేసర్ లేని లోహం వైపు నుంచి కోత మొదలుపెట్టాలి.

మూడో దారి, మామూలు నమూనానే రియాక్టరులో న్యూట్రాన్లకు గురిచేయడం. అల్యూమినియం-రాగి మిశ్రమానికి ఇది బాగా కుదురుతుంది. అల్యూమినియం-28 అర్ధాయువు 2.24 నిమిషాలే, అది అరగంటలో అణగిపోతుంది. 12.7 గంటల అర్ధాయువున్న రాగి-64 మిగులుతుంది. కాకపోతే వేగవంతమైన న్యూట్రాన్లు అల్యూమినియం నుంచే సోడియం-24ను (15 గంటలు) పుట్టిస్తాయి. అది రాగితో పాటే మిగిలి లోహమంతటా సమంగా నలుపు పూస్తుంది. అందుకని బాగా మందగించిన థర్మల్ న్యూట్రాన్లున్న చోటే అడగాలి.

లైసెన్సు ఉన్న ప్రయోగశాలలో, రేడియేషన్ భద్రతాధికారి కనుసన్నల్లో తప్ప ఈ పనులేవీ చేయరాదు. ఫాస్ఫరస్-32కు 10 మిల్లీమీటర్ల యాక్రిలిక్ పలక అడ్డం పెట్టాలి. ముందుగా సీసం పెడితే బీటా అందులో ఆగుతూ ఎక్స్‌రేలు పుట్టిస్తుంది. ట్రిటియాన్ని గైగర్ కౌంటర్ పసిగట్టదు. బల్లల్ని తడి కాగితంతో తుడిచి, ఆ కాగితాన్ని లిక్విడ్ సింటిలేషన్ (కణం తగిలితే మెరిసే ద్రవం) యంత్రంలో లెక్కపెట్టాలి.

ముఖం తయారీ

నమూనాను మామూలు మెటలోగ్రఫీ పద్ధతిలోనే మెరుగుపెట్టాలి: 220 నుంచి 1200 దాకా సిలికాన్ కార్బైడ్ కాగితాలు, ఆపైన 6, 1 మైక్రాన్ల డైమండ్ పేస్టు. తేడా ఏమిటంటే అంతా తడిగానే చేయాలి. పొడి అరగదీత గాలిలోకి రేడియోధార్మిక ధూళిని వదులుతుంది. అరిగిన బురద, గుడ్డలు, కాగితాలు అన్నీ రేడియోధార్మిక వ్యర్థాలే, సింకులోకి పోకూడదు. మెరుగుపెట్టే చక్రాన్ని ఆ ఒక్క ఐసోటోపుకే కేటాయించండి.

ఇక్కడ రెండు తప్పులు జరుగుతుంటాయి. మెత్తటి దశలు పాలిష్‌లో పక్కకు పులుముకుపోయి, లేని చోట నలుపు చూపిస్తాయి. పెళుసైన ఇన్‌క్లూజన్లు (లోహంలో చిక్కుకున్న పరాయి రేణువులు) ఊడిపోయి, ఉండాల్సిన చోట తెల్లని గుంట మిగులుస్తాయి. చివర్లో స్వల్పంగా విద్యుత్ పాలిష్ చేసి పై మైక్రానును తీసేస్తే పులుముడు పోతుంది. ఊడిపోయినవాటిని మైక్రోస్కోపులో ముందే చూసి ఫొటో తీసి పెట్టుకోవాలి.

ఎచింగ్ మాత్రం ఇప్పుడు చేయకండి. చేస్తే సరిహద్దుల్లో కాలువలు పడి, అక్కడ ఎమల్షన్ మందంగా కూర్చుంటుంది. ఆ మందమే నలుపుగా కనబడి, సెగ్రిగేషన్ (మూలకం ఒకచోట పోగవడం) ఉందని భ్రమపడతారు. రేణువుల ఆనవాళ్లు కావాలంటే విక్కర్స్ యంత్రంతో (గట్టిదనం కొలిచేది) నాలుగు గుంటలు కొట్టి పెట్టుకోండి. ఆటోరేడియోగ్రాఫు అయ్యాక ఎచింగ్ చేసి, ఆ నాలుగు గుంటలు కలిసేలా రెండు ఫొటోల్నీ ఒకదాని మీద ఒకటి పేర్చవచ్చు.

ఎమల్షన్: మూడు రకాలు

ఎక్స్‌రే ఫిల్మును నేరుగా ఆనించడం అన్నిటికంటే తేలిక. స్పష్టత 30, 50 మైక్రాన్లకు మించి రాదు. పోతలో డెండ్రైట్ల మధ్య సెగ్రిగేషన్, వెల్డింగ్ ముక్క అడ్డకోత లాంటి పెద్ద బొమ్మలకు చాలు. నమూనాను ఫిల్ము మీద బోర్లించి, పైన స్పాంజి ముక్క, దాని మీద కిలో బరువు పెట్టాలి. కంటికి కనబడని పది మైక్రాన్ల సందు కూడా గీతల అంచుల్ని చెదరగొడుతుంది. ముఖం చదునుగా లేకపోతే మధ్యలో స్పష్టంగా, అంచుల్లో మసకగా వస్తుంది. ఈ తేడా చూడగానే తప్పు పాలిష్‌లో ఉందని గుర్తుపట్టవచ్చు.

ఈ స్థాయి పనికి ఫిల్ముకు బదులు ఇప్పుడు ఇమేజింగ్ ప్లేట్లు కూడా వాడుతున్నారు. యూరోపియం కలిపిన బేరియం ఫ్లోరోబ్రోమైడ్ పొర శక్తిని దాచుకుని, ఎర్ర లేజరు తగిలినప్పుడు నీలికాంతిగా విడుస్తుంది. ఫిల్ముకు రోజులు పట్టేది గంటల్లో అయిపోతుంది. స్పష్టత మాత్రం ఫిల్ము కంటే మెరుగేమీ కాదు. ముందు ఇమేజింగ్ ప్లేటు మీద చూసి, చురుకుదనం ఎక్కడుందో తెలుసుకుని, ఆ భాగానికే ఎమల్షన్ పూస్తే సమయం కలిసొస్తుంది.

స్ట్రిప్పింగ్ ఫిల్ములో 5 మైక్రాన్ల ఎమల్షన్, దాని వెనక 10 మైక్రాన్ల జెలటిన్ ఉంటాయి. గాజు నుంచి ఒలిచి, 20–25 డిగ్రీల నీటిపై ఎమల్షన్ వైపు కిందికి ఉండేలా రెండు మూడు నిమిషాలు తేలనివ్వాలి. అది ఉబ్బి చదునవుతుంది. అప్పుడు నమూనాను నీటి కిందనుంచి పైకి లేపుతూ దాని మీద పరుచుకోనివ్వాలి. ఇక అది ఊడదు, బొమ్మా లోహమూ ఒకేచోట కనబడతాయి. స్పష్టత 3 నుంచి 5 మైక్రాన్లు.

ద్రవ ఎమల్షన్‌తో మైక్రాను దగ్గరికి చేరవచ్చు. ఇల్‌ఫర్డ్ కంపెనీ ఎమల్షన్లలో ఎల్4 స్ఫటికాలు 0.11 మైక్రాన్లు, కె5 స్ఫటికాలు 0.20 మైక్రాన్లు. నీటి తొట్టిలో 43 డిగ్రీలకు కరిగించి, అంతే స్వేదనజలం కలిపి, బుడగలు తేరుకునేదాకా పది నిమిషాలు ఆగి, నమూనాను ముంచి నిలువుగా తీయాలి. ఆరడం నిదానంగా జరగాలి. వేడిగాలి కొడితే జెలటిన్ బిగుసుకుని, ఆ ఒత్తిడికే స్ఫటికాలు నల్లబడతాయి. ఎమల్షన్‌ను 4 డిగ్రీల దగ్గర దాచండి, గడ్డకట్టనివ్వకండి. తయారైన రెండు నెలల లోపు వాడేయాలి. పాతబడేకొద్దీ కాస్మిక్ కిరణాలూ పరిసర వికిరణమూ దాని మీద ముందుగానే రాసేసి ఉంటాయి.

లోహమే ఎమల్షన్‌ను నల్లబరిస్తే

జీవకణజాలంతో పనిచేసేవాళ్లకు ఇంతగా ఎదురుకాని చిక్కు ఇది. ఇనుము, జింకు, మెగ్నీషియం, అల్యూమినియం, రాగి తడి ఎమల్షన్‌తో చర్య జరిపి వెండిని బయటికి నెడతాయి. రేడియోధార్మికత రవ్వంత లేకున్నా అందమైన నల్ల గీతలు వస్తాయి. పైగా చర్య సరిహద్దుల దగ్గరే ఎక్కువ కాబట్టి, అచ్చం సెగ్రిగేషన్ లాగే ఉంటుంది.

అందుకని ముఖానికీ ఎమల్షన్‌కూ మధ్య ప్లాస్టిక్ పొర వేయాలి. అమైల్ అసిటేట్‌లో అర శాతం, ఒక శాతం కొలోడియన్ ద్రావణంలో నమూనాను ముంచి నిలువుగా ఆరనిస్తే మైక్రానులో కొద్ది భాగమంత పొర మిగులుతుంది. కార్బన్-14కు ఇది అడ్డే కాదు. ట్రిటియానికైతే ఈ పొరే గోడ అవుతుంది, 50 నానోమీటర్లకు మించనివ్వకూడదు.

పొర వేశాం కదా అని నమ్మేయకండి. ప్రతి విడతలోనూ రెండు సాక్షి నమూనాలు పెట్టాలి. అదే లోహం, అదే పాలిష్, కానీ ట్రేసర్ లేనిది ఒకటి: దాని మీద నలుపు వస్తే పొర చిల్లులు పడిందని అర్థం. ట్రేసర్ లేని రెండో ముక్క మీద ఎమల్షన్ పూసి, కాసేపు కాంతి చూపించి మిగతావాటితోనే దాచాలి. డెవలప్ చేశాక అది నిండుగా నల్లబడాలి. తెల్లబారితే లోహం గానీ తేమ గానీ పడిన ముద్రను చెరిపేస్తోందన్నమాట. ఈ రెండో సాక్షిని చాలామంది వదిలేస్తారు. ఇక్కడ మూలకం లేదని రాసిన ప్రతి వాక్యానికీ ఆధారం ఇదే.

ఎంతసేపు ఉంచాలి

ఎక్స్‌రే ఫిల్ముకు చదరపు సెంటీమీటరుకు సుమారు కోటి బీటా కణాలు తగలాలి. సన్న స్ఫటికాల ఎమల్షన్‌కు పది కోట్ల దాకా కావాలి. గ్రాముకు 37 కిలో బెకెరల్ కార్బన్-14 ఉన్న ఉక్కును తీసుకుందాం. ఉపయోగపడే పైపొర చదరపు సెంటీమీటరుకు 4 మిల్లీగ్రాములు అనుకుంటే అందులో సెకనుకు 150 విఘటనలు జరుగుతాయి. సగం కిందికి పోగా 75 మిగులుతాయి. కోటి కణాలకు 37 గంటలు, పది కోట్లకు పదిహేను రోజులు. ఈ లెక్క ఆరంభానికే. ఒకే తీరు నమూనాలు మూడు పెట్టి లెక్కలో సగానికి, సరిగ్గా లెక్కకు, రెండింతలకు ఒక్కొక్కటి తీసి చూడటం మంచిది. ఫాస్ఫరస్-32 లాంటి స్వల్పాయువు ఐసోటోపులో రెండు అర్ధాయువులు దాటాక ఇంకా ఉంచినా పెద్దగా ఒరిగేదేమీ లేదు.

కాంతి చొరని డబ్బాలో, సిలికా జెల్‌తో, 4 డిగ్రీల దగ్గర ఉంచండి. బయటికి తీశాక డబ్బా గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా మూత తీయకూడదు. తీస్తే చల్లని ముఖం మీద తేమ పట్టి, పొరలో చిన్న చిల్లున్నా తుప్పు మొదలవుతుంది.

డెవలప్ చేయడం

డి-19 డెవలపర్ చాలు. లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 90, హైడ్రోక్వినోన్ 8, మోనోహైడ్రేట్ సోడియం కార్బొనేట్ 52.5, పొటాషియం బ్రోమైడ్ 5 గ్రాములు. ఈ వరసలోనే 50 డిగ్రీల నీటిలో కరిగించాలి, సల్ఫైట్ ముందు చిటికెడు వేసి మెటాల్ కలిపితే రంగు మారదు. 20 డిగ్రీల దగ్గర ఫిల్ముకు ఐదు నిమిషాలు, లోహం మీదున్న పలుచటి ఎమల్షన్‌కైతే డెవలపర్‌లో అంతే నీళ్లు కలిపి నాలుగు నిమిషాలు. తర్వాత ఒక శాతం అసిటిక్ ఆమ్లంలో అర నిమిషం, 30 శాతం హైపోలో (సోడియం థయోసల్ఫేట్ ఫిక్సర్) ఎమల్షన్ తేటపడటానికి పట్టిన సమయానికి రెండింతలు, ఆపైన నెమ్మదిగా పారే నీటిలో ఇరవై నిమిషాలు. అన్ని ద్రావణాలూ, కడిగే నీళ్లూ ఒకే ఉష్ణోగ్రతలో ఉండాలి. తేడా ఉంటే జెలటిన్ ముడతలు పడి లోహం నుంచి లేస్తుంది. ఆమ్ల ఫిక్సర్ ఉక్కు అంచుల్ని తినేస్తుంది కాబట్టి అంచులకు లక్క పూసి ఉంచాలి.

చదవడం

నలుపును గాఢతగా మార్చాలంటే తెలిసిన గాఢతలున్న నాలుగైదు ప్రమాణ ముక్కలు అదే ఫిల్ము మీద, అదే సమయం ఉండాలి. నలుపు సాంద్రత 1 (పడిన కాంతిలో పదో వంతే దాటే నలుపు) దాటనివ్వకుంటే కణాల సంఖ్యకూ నలుపుకూ సంబంధం దాదాపు సరళరేఖే. ద్రవ ఎమల్షన్‌లో చుక్కల్ని లెక్కపెట్టవచ్చు. వంద చుక్కలు లెక్కిస్తే పది శాతం, నాలుగు వందలైతే ఐదు శాతం అనిశ్చితి. పక్కపక్క రెండు ప్రాంతాల్లో 90, 110 చుక్కలు వస్తే అది తేడా కాదు. సరిహద్దు మీది నల్లగీత వెడల్పును సెగ్రిగేషన్ వెడల్పుగా రాయకూడదు. నిజమైన పొర కొన్ని పరమాణువుల మందమే ఉన్నా, కార్బన్-14తో గీత చాలా మైక్రాన్ల వెడల్పు వస్తుంది.

హైడ్రోజన్

ట్రిటియం కలిపిన నీటితో చేసిన విద్యుద్విశ్లేష్యంలో నమూనాను కాథోడుగా పెట్టి ఎక్కిస్తారు. చిక్కేమిటంటే ఫెర్రైట్ ఉక్కులో గది ఉష్ణోగ్రతకే హైడ్రోజన్ తిరుగుతూ బయటికి పోతుంది. ఎక్కించగానే ఎమల్షన్ పూస్తే కదిలేవీ, చిక్కుకున్నవీ కలగాపులగంగా కనబడతాయి. ఒకటి రెండు రోజులు ఆగి పూస్తే కార్బైడ్ల అంచుల్లో, ఇన్‌క్లూజన్ల దగ్గర బలంగా చిక్కుకున్నదే మిగులుతుంది. ఏది కావాలో ముందే తేల్చుకోండి. బయటికొచ్చే మామూలు హైడ్రోజన్ కూడా వెండి లవణాన్ని క్షయకరణం చేయగలదు కనుక, ఇక్కడ సాక్షి నమూనాకు మామూలు నీటితో హైడ్రోజన్ ఎక్కించాలి. ఉత్త ఉక్కు ముక్క సరిపోదు.

బోరాన్

బోరాన్‌కు ట్రేసరే అక్కర్లేదు. సహజ బోరాన్‌లో అయిదో వంతు బోరాన్-10. అది థర్మల్ న్యూట్రానును మింగి ఆల్ఫా కణాన్నీ లిథియం-7నూ విడుస్తుంది. దాని శోషణ అడ్డుకోత (న్యూట్రానును మింగే అవకాశానికి కొలత) 3,840 బార్న్‌లు, ఇనుముకు రెండున్నర మాత్రమే. మెరుగుపెట్టిన ఉక్కు ముఖానికి సెల్యులోజ్ నైట్రేట్ ఫిల్మును గట్టిగా ఆనించి రియాక్టరులో పెట్టి, తర్వాత ఫిల్మును 2.5 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌లో 60 డిగ్రీల దగ్గర ఎచింగ్ చేస్తే ఆల్ఫా తగిలిన ప్రతిచోటా గుంట తేలుతుంది. ఈ ఫిల్ము బీటానూ గామానూ పట్టించుకోదు కాబట్టి ఉక్కు ఎంత చురుకెక్కినా బొమ్మ పొగబారదు. ఆల్ఫా ఉక్కులో మూడు మైక్రాన్ల లోపే ఆగుతుంది, స్పష్టత రెండు మైక్రాన్ల దాకా వస్తుంది. ఎచింగ్ ఎక్కువైతే గుంటలు ఒకదాన్నొకటి కలుపుకుని సరిహద్దు గీత లావవుతుంది. పది నిమిషాలకోసారి తీసి, కడిగి, మైక్రోస్కోపులో చూస్తూ సాగండి. లిథియం-6 కూడా న్యూట్రానును మింగి ఆల్ఫా విడుస్తుంది. ముఖం మీద చేతి చెమట, గ్రీజు మరకలుంటే అవి కూడా గుంటల మచ్చలుగా రావచ్చు. రేణువుల ఆకారంతో సంబంధం లేని గుంటల గుంపు కనబడితే బోరైడ్ అని రాసేముందు నమూనాను అసిటోన్‌తో కడిగి, కొత్త ఫిల్ముతో మళ్లీ ఒకసారి పెట్టి చూడాలి. బోరైడ్ అయితే అదే చోట మళ్లీ వస్తుంది.